కొట్టని దెబ్బ
లయకారుడు బిల్ బ్రూఫర్డ్ జీవితము

శ్రుతి తల్లి యనియు, లయ తండ్రి యనియు మన సంగీతజ్ఞులు చెప్పుదురు. తల్లి మాట ఇంటిలో ఎల్లప్పుడును వినబడుచుండును. తండ్రి మితభాషి. ఆయన ఉన్నాడను ధైర్యముతో ఇల్లు నడచును. పాశ్చాత్యుల రాక్ సంగీతములో ఈ తండ్రి పీఠము వేదికకు వెనుకభాగమున, డ్రమ్ముల నడుమ నుండును. అయితే అక్కడి తండ్రి మితభాషి కాడు. విద్యుత్తుతో గర్జించు గిటారులకు దీటుగా ఆయన పిడుగులు కురిపింపవలెను. ఎంత గట్టిగా, ఎంత వేగముగా, ఎంత సేపు వాయించిన అంత గొప్పవాడని సామాన్య శ్రోతల తలంపు. అట్టి లోకములో ఒక డ్రమ్ము వాద్యకారునకు ఒక్క దెబ్బయైనను కొట్టనందుకు రచయితగా గౌరవము లభించిన వృత్తాంత మొకటి కలదు.

1973వ సంవత్సరము నవంబరు 23వ తేదీ రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని కాన్సర్ట్‌గెబౌ మందిరమున ‘కింగ్ క్రిమ్సన్’ అను ఆంగ్ల బృందము కచేరీ చేయుచుండెను. వాద్యకారులు నలుగురు. నడుమ, ముందుగా కూర్చుకొనని మనోధర్మ సంగీత మొకటి మెల్లగా ఆరంభమయ్యెను. డేవిడ్ క్రాస్ వయొలిన్, జాన్ వెట్టన్ బేస్ గిటారు, రాబర్ట్ ఫ్రిప్ వేణునాదమును బోలు మెలోట్రాన్ – మూడును ఒకదాని నొకటి పలుకరించుకొనుచు సాగినవి. డ్రమ్ముల వెనుక కూర్చున్న ఇరువదినాలుగేండ్ల యువకుడు తాను ప్రవేశింపవలసిన తావు కొరకు వేచియుండెను. కొంతసేపటికి ఆ సంగీతమునకు తన దెబ్బ అవసరము లేదని ఆయనకు తోచెను. డ్రమ్ము పుల్లలు రెండింటిని రొమ్ముపై అడ్డముగా చేర్చి, చివరివరకు అట్లే కూర్చుండెను. మరుసటి యేడు ఆ రచన ‘ట్రియో’ అను పేర, అనగా ‘త్రయము’ అను పేర, ఆల్బములో వెలువడినది. పేరు త్రయమే కాని రచయితల పేళ్ళు నాలుగు. ఆ సంయమనముకూడ రచనలో భాగమేనని తోడివారు నిర్ణయించిరి. ఆ యువకుడు బిల్ బ్రూఫర్డ్.

రాక్, జాజ్, విద్యుత్ వాద్యములు, శాస్త్రపరిశోధన – ఇన్ని రంగములలో చరించిన ఆయన సుదీర్ఘ జీవితమును పరికించినచో, ఆనాటి రాత్రి చేసిన పనినే పలుమారులు, పలు రూపములలో చేసినట్లు కనబడును. ఎక్కడ ప్రవేశింపవలెనో, ఎక్కడ నిష్క్రమింపవలెనో తెలిసికొనుటయే ఆయన సాధన. ఆ సాధనకు ఆయన చెల్లించిన మూల్యమును తక్కువ కాదు.

పశువైద్యుని యింట పసివాని లయ

బ్రూఫర్డ్ 1949 మే 17వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలమున సెవెనోక్స్ అను పట్టణములో జన్మించెను. తండ్రి పశువైద్యుడు. ఇంట సంగీతవృత్తి లేదు. 1960 దశకము నడుమ బి.బి.సి. వారు టెలివిజన్‌పై ‘జాజ్ 625’ అను కార్యక్రమమును ప్రసారము చేయుచుండిరి. అమెరికా జాజ్ విద్వాంసులు ఆ చిన్న తెరపై ప్రత్యక్షమగుచుండగా ఈ బాలుడు కన్నార్పక చూచుచుండెను. సోదరి ఆయనకు పుట్టినరోజు కానుకగా ఒక జత ‘బ్రష్షు’ల నిచ్చెను. ఇవి సన్నని తీగల కుంచెలు. జాజ్ వాద్యకారులు మెత్తని నాదము కొరకు పుల్లలకు బదులుగా వాడుదురు. డ్రమ్ము లేదు గనుక గ్రామఫోను రికార్డుల అట్టలపై ఆ కుంచెలతో రాచి, శబ్దము పుట్టించి, బాలుడు సాధన చేసెను. తరువాత లండనులోని రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందమునకు చెందిన యొక విద్వాంసుని వద్ద కొలది పాఠములు నేర్చెను. అంతకు మించిన గురుకులవాసము లేదు. మాక్స్ రోచ్, ఆర్ట్ బ్లేకీ, జో మొరెల్లో – ఈ జాజ్ మహావాద్యకారులే ఆయనకు పరోక్ష గురువులు.

ఇక్కడ ఆ వాద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. డ్రమ్ము కిట్టు అనునది ఒక వాద్యము కాదు, వాద్యముల కుటుంబము. కుడికాలితో త్రొక్కగా మ్రోగునది పెద్ద బేస్ డ్రమ్ము. ఎడమకాలితో కలిపి విడదీయునవి ‘హై-హ్యాట్’ అను జంట కంచుపళ్ళెములు. నడుమ, క్రింద తీగలు బిగించిన స్నేర్ డ్రమ్ము. పైన పెద్ద కంచుపళ్ళెములు. చుట్టును చిన్న పెద్ద డ్రమ్ములు. రెండు చేతులు, రెండు కాళ్ళు నాలుగు వేరు పనులు చేయుచు ఒకే మనస్సునకు లోబడి యుండవలెను. నాలుగు మాత్రల ఆవర్తములో రెండవ, నాలుగవ మాత్రలపై స్నేరును గట్టిగా కొట్టుట రాక్ సంగీతమునకు వెన్నెముక. జాజ్‌లో అట్లు కాదు. అక్కడ కాలప్రమాణమును కంచుపళ్ళెము మోయును; స్నేరు గాయకునితోడను, వాద్యకారునితోడను సంభాషించును. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు పల్లవి సాగుచుండగా సర్వలఘువుతో నడిపించుటకును, పాట సందుననెరిగి చిన్న ముక్తాయింపు వేయుటకును గల భేదము వంటిదే ఇది.

జాజ్ మర్యాద నేర్చిన ఈ బాలుడు రాక్ యుగములో యువకుడయ్యెను. 1968 ఆరంభమున ‘సవాయ్ బ్రౌన్’ అను బృందములో చేరి మూడు కచేరీలు మాత్రమే వాయించి వెలుపలికి వచ్చెను. తరువాత ‘మెలొడీ మేకర్’ పత్రికలో తన్ను గూర్చి తానే ప్రకటన వేయించుకొనెను. ఆ ప్రకటనను చూచి జాన్ ఆండర్సన్ అను గాయకుడు, క్రిస్ స్క్వయర్ అను బేస్ గిటారు వాద్యకారుడు ఆయనను పిలిచిరి. ఆ విధముగా 1968 ఆగస్టులో ‘యెస్’ బృందము రూపొందెను. లీడ్స్ విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రము చదువుటకై బ్రూఫర్డ్ ఆ శరత్తులోనే బృందమును విడిచెను గాని, కొలది వారములలో చదువునే విడిచి తిరిగి వచ్చెను. నవంబరు 26వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ప్రసిద్ధమైన ‘క్రీమ్’ బృందము వీడ్కోలు కచేరీ చేసిన రాత్రి, వారికి ముందు వాయించిన బృందములలో ‘యెస్’ ఒకటి.

శిఖరముపై వీడ్కోలు

‘యెస్’లో బ్రూఫర్డ్ నాలుగేండ్లుండెను. ఆయన స్నేరు నాదమును విన్నవారు మరువలేరు. ఖణీమని ఎగయు ఆ మ్రోత ఆయన ముద్ర. దానికి మూలము సౌందర్యచింత కాదు, అవసరము. ఆ దినములలో చిన్న వేదికలపై డ్రమ్ములకు మైకులు పెట్టెడి వాడుక తక్కువ. స్క్వయర్ బేస్ గిటారు ఒక ప్రక్క, ఆర్గను ఒక ప్రక్క హోరెత్తుచుండగా డ్రమ్ము వినబడవలెనన్నచో చర్మమును, దాని అంచుననున్న లోహవలయమును పుల్లతో ఒక్కసారిగా తాకవలెను. ఆ దెబ్బకు ‘రిమ్ షాట్’ అని పేరు. ఇతరులు అప్పుడప్పుడు వాడు దానిని ఆయన నిత్యవ్యవహారముగా చేసికొనెను. లోపము నుండి పుట్టిన ఉపాయము శైలియై నిలిచినది.

1971లో ‘ది యెస్ ఆల్బమ్’, ‘ఫ్రాజైల్’ వెలువడి బృందమునకు ఇంగ్లండులోను అమెరికాలోను కీర్తి తెచ్చినవి. ‘ఫ్రాజైల్’లో ఒక్కొక్క వాద్యకారునకు ఒక్కొక్క స్వంత రచన చేయు స్వేచ్ఛ లభింపగా, బ్రూఫర్డ్ చేసినది అరనిమిషమునకు కొంచెము మాత్రమే మించును. డ్రమ్ముపై తోచిన లయనే తక్కిన వాద్యములన్నియు అనుసరింపవలెనన్నది ఆ రచన సూత్రము. వెనుక కూర్చున్నవాడు ముందుండి నడిపించిన అరనిమిషము! 1972లో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రికార్డు చేసిరి. ఒక ముఖభాగమును పూర్తిగా నిండించు సుదీర్ఘ రచన అది. టేపు ముక్కలను కత్తిరించి అతికించుచు, ఒక్కొక్క భాగమును గూర్చి గంటలకొలది వాదులాడుచు నిర్మించిరి. ఆ ఆల్బము నేటికిని ఆ సంప్రదాయమునకు తలమానికముగా ఎన్నబడుచున్నది.

అది వెలువడకమునుపే, 1972 జూలైలో, బ్రూఫర్డ్ ‘యెస్’ను విడిచెను. అమెరికా యాత్ర తలవాకిట నున్నది. ధనము, కీర్తి చేతి కందుచున్నవి. ఆ క్షణమున ఒక యువకుడు లేచి, అంతకంటె చిన్న ఆదాయము గల, ఎప్పుడు చీలునో తెలియని ‘కింగ్ క్రిమ్సన్’కు వెళ్ళుట లోకమునకు పిచ్చిగా తోచెను. అట్లు వెళ్ళినందుకు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రాబడిలో తన భాగమును ఆయన పంచి ఇయ్యవలసివచ్చెను. దీనికి ఆయన చెప్పిన కారణము సరళమైనది: ఈ బాణీలో తాను చేయదగినది చేసితిని, ఇక్కడనే యున్నచో దీనినే మరల చేయుచుందును, క్రొత్తది నేర్వలేను.

ఆ పీఠమున వచ్చి కూర్చున్నవాడు ఆలన్ వైట్. జాన్ లెనన్ వద్ద వాయించినవాడు, ‘ఇమాజిన్’ ఆల్బమున పాలుగొన్నవాడు. మూడే దినములలో ఆ చిక్కుతాళములను నేర్చి జూలై 30వ తేదీన డల్లాస్ నగరమున వేదిక నెక్కెను. 2022 మే నెలలో కన్నుమూయువరకు ఆ పీఠమును విడువలేదు. రమారమి యేబదియేండ్లు! ఒకడు విడిచి తన కళకు న్యాయము చేసెను. ఒకడు నిలిచి తన బృందమునకు న్యాయము చేసెను. బ్రూఫర్డ్‌ను పొగడు ఉత్సాహములో వైట్‌ను తక్కువచేయుట న్యాయము కాదు. ఇంటికి నిలిచియుండు కొడుకును కావలెను, దేశాంతరము పోయి క్రొత్తవిద్య తెచ్చు కొడుకును కావలెను.

గొలుసుల గురువు

‘కింగ్ క్రిమ్సన్’లో బ్రూఫర్డ్‌కు అనుకోని గురువు లభించెను. ఆయన జేమీ మ్యూర్. పేరునకు తోడి తాళవాద్యకారుడే గాని, ఆయన వాద్యములు గొలుసులు, ఇనుపరేకులు, పక్షికూతల యీలలు. వేదికపై అటునిటు తిరుగుచు గొలుసులను రేకులపై విసరి నాదము పుట్టించుచుండెను. వేగము, నైపుణ్యము అలవడి కించిత్తు గర్వమును అలవడియుండిన యువకునకు ఈయన బోధించిన దొక్కటే. సంగీతము నీ సేవకై పుట్టలేదు. నీవే సంగీతసేవకై యున్నావు. ఈ మాట తన్ను మార్చివేసినదని బ్రూఫర్డ్ తరువాత పలుమారులు చెప్పుకొనెను. 1973లో ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్’ వెలువడునాటికే మ్యూర్ బృందమును విడిచి, స్కాట్లండులోని బౌద్ధమఠమున చేరెను. అదే యేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రొమ్ముపై పుల్లలు చేర్చి కూర్చున్న శిష్యుని మౌనములో ఆ గురువు మాట వినబడక పోదు.

భారతదేశముతో ముడిపడిన యొక ముచ్చట ఇక్కడ కలదు. 1973 మార్చిలో జరిగిన బ్రూఫర్డ్ వివాహ విందునకు పాత బృందమునుండి జాన్ ఆండర్సన్, క్రొత్త బృందమునుండి మ్యూర్ వచ్చిరి. మాటలలో మ్యూర్ పరమహంస యోగానంద రచించిన ‘ఒక యోగి ఆత్మకథ’ను గూర్చి చెప్పెను. ఆండర్సన్ ఆ గ్రంథమును చదివి, అందలి యొక అధోజ్ఞాపికలో శ్రుతులు, స్మృతులు, పురాణములు, తంత్రములు అను నాలుగు విధముల శాస్త్రములను గూర్చి తెలిసికొనెను. ఆ నాల్గింటిని నాలుగు దీర్ఘ రచనలుగా భావించి ‘యెస్’ బృందము ఆ యేడే ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అను జంట ఆల్బమును వెలువరించెను. పెండ్లికొడుకు విందులో నాటబడిన విత్తు ఆయన విడిచివచ్చిన తోటలో మొలచినది.

1974 నాటి ‘రెడ్’ ఆల్బము చివర ‘స్టార్‌లెస్’ అను రచన కలదు. దాని నడుమ పదమూడు మాత్రల ఆవర్తములో బేస్ గిటారు ఒకే పలుకును మరల మరల చెప్పుచుండును. ఆ భాగమునకు బీజము వేసినది బ్రూఫర్డ్. తాను వేసిన బీజమే యైనను అక్కడ ఆయన చాలసేపు అరుదుగా ఒక్కొక్క దెబ్బ మాత్రము వేయుచు, శ్రోత గుండెలో ఉత్కంఠ పెరుగనిచ్చును. చివరకు కట్ట తెగిన చెరువువలె విజృంభించును. ఆ ఆల్బము అంగడిలోనికి వచ్చుటకు ముందే రాబర్ట్ ఫ్రిప్ బృందము ముగిసినదని ప్రకటించెను. ఏ నిలుకడ కొరకు కాక విద్య కొరకు బ్రూఫర్డ్ వచ్చెనో ఆ విద్యాలయము రెండేండ్లకే మూతపడెను.

పరుల యింట, తన యింట

తరువాతి రెండుమూడేండ్లు సంచారజీవితము. ‘గాంగ్’, ‘నేషనల్ హెల్త్’ బృందములతో కొంతకాలము వాయించెను. 1976లో ‘జెనిసిస్’ బృందపు డ్రమ్మరు ఫిల్ కాలిన్స్ గాయకుడై ముందునకు రాగా, ఆ యేటి యాత్రలో ఆయన వెనుక డ్రమ్ములు వాయించుటకు బ్రూఫర్డ్ వెళ్ళెను. జీతము బాగుగనే యుండెను. సభలు నిండినవి. కాని పరుల రచనలను పరుల పద్ధతిలో ప్రతిరాత్రి పలికించుటలో తన మనసు నిలువలేదనియు, అందుచేత తన ప్రవర్తనయు మెచ్చదగినదిగా లేకపోయెననియు ఆయన పిమ్మట దాచక ఒప్పుకొనెను. బహుముఖప్రజ్ఞ యనగా ఏ నీటిలో పోసిన ఆ రంగు పొందుట కాదని ఆయనకు తెలిసినది అక్కడనే.

1977లో వెట్టన్, ఎడ్డీ జాబ్సన్, ఆలన్ హోల్డ్స్‌వర్త్‌లతో ‘యు.కె.’ అను బృందము కట్టి, ఒక్క ఆల్బముతో బయటపడెను. దానితో పాటుగా ‘బ్రూఫర్డ్’ అను తన పేరిటి బృందమును ఏర్పరచి, ‘ఫీల్స్ గుడ్ టు మి’, ‘వన్ ఆఫ్ ఎ కైండ్’, ‘గ్రాడ్యువల్లీ గోయింగ్ టొర్నాడో’ అను మూడు ఆల్బములు వెలువరించెను. డ్రమ్మరు రాగములు కూర్చుట, బృందమునకు పెద్దయగుట అరుదైన ఆ కాలములో ఇది సాహసము. స్వరము లేని వాద్యమునకు స్వరకర్త హోదా సంపాదింపవలెనన్న పట్టుదల ఆయనలో నానాటికి బలపడెను.

పదిహేడు మాత్రల నడక

1981లో ఫ్రిప్ ‘కింగ్ క్రిమ్సన్’ను క్రొత్తరూపమున పునరుద్ధరించెను. ఆంగ్లేయులైన ఫ్రిప్, బ్రూఫర్డ్‌లతో అమెరికనులైన ఏడ్రియన్ బెలూ, టోనీ లెవిన్ కలిసిరి. ఫ్రిప్ డ్రమ్మరునకు విధించిన నియమము కఠినమైనది: కంచుపళ్ళెముల వాడుకను సాధ్యమైనంత మానుకొనవలెను. డ్రమ్మరునకు కంచుపళ్ళెము లేకుండుట కవికి ప్రాస లేకుండుట వంటిది. అలవాటుగా వచ్చు పదములన్నియు దూరమగును. బ్రూఫర్డ్ సణిగెను గాని ఒప్పుకొనెను. బీటలు తీసిన కొయ్యదుంగ డ్రమ్మును తెచ్చెను. ‘ది షెల్టరింగ్ స్కై’లో మృదువుగా నడచునది ఆ కొయ్యనాదమే. సిమన్స్ సంస్థ అప్పుడప్పుడే చేయుచుండిన ఆరుపలకల విద్యుత్ డ్రమ్ములను తెచ్చెను. కంచు మ్రోగవలసిన తావులలో క్రొత్త నాదములు మొలచినవి.

ఈ దశలో ఆయన లయజ్ఞానమునకు ‘డిసిప్లిన్’ అను రచన మంచి ఉదాహరణ. అందు చేతులు పదిహేడు మాత్రల ఆవర్తములో తిరుగుచుండగా, కాలి క్రింది బేస్ డ్రమ్ము నాలుగు సమానపు దెబ్బలను, అనగా పదునారు మాత్రల నడకను, విడువదు. ప్రతి ఆవర్తమునకు చేయి కాలికంటె ఒక మాత్ర వెనుకబడుచు పోవును. పదునారు చేతి ఆవర్తములు, పదిహేడు కాలి ఆవర్తములు గడచినగాని రెండును తిరిగి ఒకే సమమున కలియవు. మన విద్వాంసులు ఆదితాళములో ఖండగతి కోర్వై వేసి సమమునకు చేర్చునపుడు శ్రోత తొడపై వేళ్ళు మడచుచు ఊపిరి బిగబట్టునట్లే, లెక్క తెలిసిన శ్రోత ఇక్కడను బిగబట్టును. లెక్క తెలియనివాడు కాలి నడకను పట్టుకొని హాయిగా తల ఊపవచ్చును. పండితునకు చిక్కును, పామరునకు దారియు ఒకే దెబ్బలో సమకూర్చుట సామాన్య విద్య కాదు. ‘డిసిప్లిన్’, ‘బీట్’, ‘త్రీ ఆఫ్ ఎ పర్‌ఫెక్ట్ పెయిర్’ అను మూడు ఆల్బముల పిమ్మట, 1984లో ఆ బృందము మరల ఆగిపోయెను.

చర్మము పాడిన పాట

పసితనమున టెలివిజన్ తెరపై చూచిన జాజ్ ఆయనను మరల పిలిచినది. 1983లో ‘యెస్’ పూర్వసభ్యుడైన పేట్రిక్ మొరాజ్‌తో కలసి పియానో, డ్రమ్ములు మాత్రముతో ఆల్బము చేసెను. రెండవ ఆల్బమైన ‘ఫ్లాగ్స్’లో తన పరోక్ష గురువు మాక్స్ రోచ్ డ్రమ్ముకు మాత్రమే కూర్చిన ‘ది డ్రమ్ ఆల్సో వాల్ట్‌జెస్’ను వాయించి గురుదక్షిణ చెల్లించెను. 1986లో జాంగో బేట్స్, అయిన్ బాలమీ మున్నగు యువకులను చేర్చుకొని ‘ఎర్త్‌వర్క్స్’ అను జాజ్ బృందమును స్థాపించెను. విద్యుత్ డ్రమ్ము పలకలకు స్వరములను, స్వరసమూహములను అమర్చి, ఒక చేత తాళమును, ఒక చేత రాగమును పలికించుట ఆయన పూనిక. చర్మముపై దెబ్బ పాటయై వినబడవలెను. యంత్రములు మొండికేసెడివి, నడిరేయి కచేరీలో మూగవోయెడివి. అయినను ఆయన ఏండ్లతరబడి విసుగు చెందలేదు. చివరకు ఆ బృందమును 1990 దశకపు టంత్యమున శుద్ధ వాద్యములతో పునర్నిర్మించి, సాదా డ్రమ్ములకు తిరిగివచ్చెను. ఊరంతయు తిరిగి ఇంటి నూతినీటి రుచి తెలిసికొన్నట్లయ్యెను.

చిన్న జాజ్ బృందమును నడుపుట నష్టముతో గూడిన వ్యాపారము. నడుమ నడుమ పెద్ద రాక్ వేదికలకు ఆయన తిరిగి పోవుచునే యుండెను. 1989లో ఆండర్సన్, వేక్‌మన్, హౌ అను పాత మిత్రులతోడను, 1991లో ‘యెస్’ పూర్వ, ప్రస్తుత సభ్యులు పలువురు గూడిన యాత్రలోను పాల్గొనెను. 1994లో ఆరుగురితో పునరుత్థానము చెందిన ‘కింగ్ క్రిమ్సన్’లో పాట్ మాస్టెలాటో అను మరియొక డ్రమ్మరుతో పీఠమును పంచుకొనెను. తాను విడిచినచోటికి తిరిగి పోరాదను పంతము ఆయనకు లేదు. పోయినచోటనే నిలిచిపోరాదను పట్టుదల మాత్ర ముండెను.

వేదిక దిగిన విద్యార్థి

2009 జనవరి 1వ తేదీనుండి బహిరంగ వాదనమును విరమించుకొంటినని బ్రూఫర్డ్ ప్రకటించెను. అప్పటికాయనకు అరువదియేండ్లు నిండలేదు. చేతులు పడిపోలేదు, పిలుపులు ఆగలేదు. ఆ యేడే వెలువడిన స్వీయచరిత్రలో కారణము కనబడును. నలుబదియేండ్ల అనుభవము గడించినవానిని సైతము స్వసందేహము వేధించుచుండెను. ప్రతి దెబ్బ వేయకమునుపే దానిని తప్పుపట్టు న్యాయాధిపతి తలలో కూర్చున్నచో కళాకారునకు వేదిక శిక్షాస్థానమగును. ఇంత నిర్మొగమాటముగా తన భయమును చెప్పుకొన్న వాద్యకారులు అరుదు. అభిమానులు ఎదురుచూచునది పిడుగులు కురిపించిన వీరుని కథ. వారికి దొరకినది తన పనిని తానే శంకించిన యొక శ్రామికుని నివేదిక.

విరమించినవాడు విశ్రమింపలేదు. అర్థశాస్త్రము చదువుచు నలుబదియేండ్ల క్రింద విడిచిపెట్టిన విశ్వవిద్యాలయ ద్వారమును మరియొకచోట తట్టెను. సర్రే విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి 2016లో, అరువదియేడవ యేట, డాక్టరు పట్టమును బడసెను. డ్రమ్ము వాద్యకారుడు చేయు పనిలో సృజన యెక్కడ నున్నది? ఇదియే పరిశోధన విషయము. స్వరము కూర్చువాడే స్రష్ట యనియు, తాళము వేయువాడు వట్టి పనివాడనియు సంగీతశాస్త్రము చాలకాలము తలచినది. బ్రూఫర్డ్ పీటర్ అర్స్‌కిన్, సిండీ బ్లాక్‌మన్ వంటి అనుభవజ్ఞులైన తోటి వాద్యకారులను కలిసి మాటాడి ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఒక కొసను ఇతరులు చెప్పినట్లు వాయించు ‘ఉద్యోగధర్మము’. రెండవ కొసను తన ఊహతో సంగీతమును నిర్మించు ‘రచనాధర్మము’. ప్రతి డ్రమ్మరును ప్రతి కచేరీలోను ఈ రెండు కొసల నడుమ ఎక్కడనో నిలుచును. సందర్భమును బట్టి జరుగుచుండును. 2018లో మిషిగన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు దీనిని గ్రంథముగా ప్రకటించిరి.

చదివినవారికి ఇది శాస్త్రముగా కనబడును. ఆయన జీవిత మెరిగినవారికి ఆత్మకథగా కనబడును. ‘జెనిసిస్’ వెనుక విసిగి కూర్చున్న రాత్రులు ఒక కొస; ‘ఎర్త్‌వర్క్స్’లో డ్రమ్ముతో పాట పాడించిన రాత్రులు రెండవ కొస. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుల్లలు కదలని ఆ రాత్రి ఏ కొసకు చెందును? ఎవరును ఆజ్ఞాపింపలేదు గనుక అది ఉద్యోగము కాదు. ఏమియు వాయింపలేదు గనుక రచన కాదనిపించును. అయినను, వాయింపగలవాడు వాయింపకుండుటయే అచట రచనయైనది. చేతగానివాని మౌనమునకు ఆ విలువ రాదు.

2017 ఏప్రిలులో అమెరికాలో ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’ అను కీర్తిమందిరమున ‘యెస్’ బృందమునకు సత్కారము జరిగెను. బ్రూఫర్డ్ వెళ్ళెను, పాత మిత్రుల నడుమ నిలిచెను, వాయింపలేదు. పాటలు మ్రోగుచుండగా డ్రమ్ములపై నున్నవాడు ఆలన్ వైట్. నలుబదియైదేండ్ల క్రింద ఇచ్చిన పీఠమును ఆ ఒక్క రాత్రికైనను తిరిగి అడుగకుండుట ఆ సత్కారముకంటె గొప్ప మర్యాద.

మరల సమము

కథ అంతటితో ముగిసియుండిన, చక్కని వైరాగ్యకథగా నిలిచెడిది. అట్లు ముగియలేదు. పండ్రెండేండ్లకు పైగా పుల్లలు ముట్టని ఆయన, డెబ్బది దాటిన పిమ్మట మరల డ్రమ్ముల ముందు కూర్చుండెను. గట్టిపడిన కండరములను వంచుకొనుచు, బాలునివలె మొదటి పాఠములనుండి సాధన చేసెను. తరువాత పీట్ రాత్ అను గిటారు వాద్యకారుని త్రయములో సభ్యుడై చిన్న చిన్న మందిరములలో జాజ్ వాయింపసాగెను. ఆ పీట్ రాత్ ఒకనాడు బ్రూఫర్డ్ డ్రమ్ములకు సంరక్షకుడుగా పనిచేసినవాడు. తన పరిచారకుడుగా నుండినవాని బృందములో, వాని పేరు క్రింద, పక్కవాద్యకారుడై కూర్చుండుటకు ఈ వృద్ధునకు ఏ సంకోచమును లేకపోయెను. న్యాయాధిపతి తలలోనుండి దిగిపోయెనో, లేక ఆయన తీర్పును లెక్కింపకుండు వయస్సు వచ్చెనో గాని, చూచినవారికి కనబడినది వేదికపై నొక ఆనందము.

మన తాళశాస్త్రములో దెబ్బ వేయు క్రియను సశబ్ద మనియు, చేతిని ఊరక విసరుటను, వేళ్ళు ముడుచుటను నిశ్శబ్ద మనియు అందురు. నిశ్శబ్దక్రియ తాళమునకు వెలుపలిది కాదు. దానిని విడిచినచో ఆవర్తము పూర్తి కాదు. బ్రూఫర్డ్ అర్ధశతాబ్దమునకు మించిన ప్రయాణమున విడిచిన పీఠములు, ముడిచిన చేతులు, మూగవోయిన ఆ పండ్రెండేండ్లు అన్నియు నిశ్శబ్దక్రియలే. వానినన్నింటిని లెక్కించుకొనుచు వచ్చిన వాద్యకారుడు గనుకనే ఆయన మరల సమమునకు సరిగా చేరెను.